పాత బొమ్మ లేకుండా కొత్త బొమ్మను చదవమనకండి

రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స చేసే ఆసుపత్రుల అధిపతులకు, ఇమేజింగ్ విభాగాల బాధ్యులకు

నమస్కారం.

మేము మామోగ్రామ్‌లు, అంటే రొమ్ముకు తీసే ఎక్స్‌రే బొమ్మలు, తీసేవాళ్లం, చదివేవాళ్లం. రొమ్మును నిలుపుకుని క్యాన్సర్ గడ్డను మాత్రం తీయించుకున్న స్త్రీలు ఆపరేషన్ తర్వాత ఏళ్ల తరబడి మా దగ్గరికి వస్తూనే ఉంటారు. వాళ్ల బొమ్మలను సరిగ్గా చదవడానికి మాకు కావలసిన సమాచారమంతా మీ ఆసుపత్రుల్లోనే ఉంది. కానీ అది మా దాకా రావడం లేదు. ఈ లేఖ రాస్తున్నది అందుకే.

రొమ్మంతా తీసేసినా, గడ్డను మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చినా ప్రాణానికి దక్కే భద్రత ఒకటేనని అమెరికాలో బి-06 పేరుతో జరిగిన పరిశోధన, ఇటలీలో మిలాన్‌లో జరిగిన పరిశోధన తేల్చాయి. రెండింటి ఇరవయ్యేళ్ల ఫలితాలూ 2002లో అచ్చయ్యాయి. అదే బి-06లో ఇంకో అంకె కూడా ఉంది. రేడియేషన్ తీసుకున్నవాళ్లలో 14.3 శాతం మందికి ఇరవయ్యేళ్లలో అదే రొమ్ములో క్యాన్సర్ మళ్లీ వచ్చింది. రేడియేషన్ తీసుకోనివాళ్లలో ఆ అంకె 39.2 శాతం. నేటి మందులతో, తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ మిగల్లేదని జాగ్రత్తగా చూసి చేసే ఆపరేషన్లతో ఈ అంకెలు బాగా దిగాయి. అయినా సున్నా కాలేదు. తిరిగి వచ్చినదాన్ని చిన్నగా ఉండగానే పట్టుకుంటే మళ్లీ నయం చేయగలం. రొమ్మును నిలుపుదామని ఆమెకు సలహా ఇచ్చిన రోజే, మిగిలిన రొమ్మును కనిపెట్టి ఉండే పూచీ కూడా ఆసుపత్రి తీసుకున్నట్టే.

ఆపరేషన్, రేడియేషన్ అయిన రొమ్ము నెలనెలకూ మారుతూ ఉంటుంది. గడ్డ తీసిన గుంటలో మొదటి వారాల్లో నీరు చేరుతుంది, కొందరిలో రక్తం. అది మెల్లగా ఇంకిపోయి, చాలామందిలో ఏడాది, ఏడాదిన్నరకల్లా ముడుచుకున్న మచ్చ ఒక్కటే మిగులుతుంది. మామూలుగా 2 మిల్లీమీటర్లకు మించని చర్మం రేడియేషన్‌తో మందమై, కొందరిలో సెంటీమీటరు దాకా ఉబ్బుతుంది. లోపలి పోగులు వాచి బొమ్మంతా తెల్లబారుతుంది. రేడియేషన్ ముగిసిన ఆరు నెలల ప్రాంతంలో ఈ వాపు బాగా ఎక్కువగా ఉంటుంది. అక్కడినుంచి తగ్గుతూ వచ్చి, రెండు మూడేళ్లకు ఒక స్థితిలో నిలుస్తుంది. ఇక కొవ్వు చచ్చినచోట నూనె తిత్తులు ఏర్పడతాయి. వాటి గోడలకు గుడ్డుపెంకులా సున్నం (కాల్షియం) పడుతుంది. కుట్టు దారం మీద కూడా ముడి ఆకారంలో పడుతుంది. ఇవి ఎక్కువగా రెండో ఏడు దాటాక, ఐదో ఏడు లోపు బయటపడతాయి. పూర్తిగా ఏర్పడ్డాక వాటిని గుర్తుపట్టడం తేలికే. తొలి దశలో మాత్రం చచ్చిన కొవ్వులోని సున్నపు రేణువులు సన్నగా, ఎగుడుదిగుడుగా ఉండి క్యాన్సర్ రేణువులనే తలపిస్తాయి.

క్యాన్సర్ తిరిగి వచ్చినప్పుడు కనిపించేవి కూడా ఇవే: తెల్లటి ముద్ద, సన్నటి రేణువులు, మందమైన చర్మం. రూపం చూసి రెండింటినీ వేరు చేయలేని సందర్భాలు ఎన్నో. వేరు చేసేది దిశ. చికిత్స తర్వాత వచ్చిన మార్పు తగ్గాలి, లేదా ఉన్నచోట ఉండాలి. ముడుచుకున్న మచ్చ మళ్లీ లావెక్కితే, తగ్గిన వాపు తిరిగి వస్తే, ఏమీ లేనిచోట సన్నటి రేణువులు గుంపుకడితే, అది చచ్చిన కొవ్వేనని రూపమే స్పష్టంగా చెప్పనంత వరకు సూది పరీక్ష (సూదితో చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ) చేయాల్సిందే. ‘పెరిగింది’ అనాలన్నా, ‘పెరగలేదు’ అనాలన్నా మా ముందు రెండు బొమ్మలుండాలి. ఒక్కటే ఉంటే మేము చేయగలిగింది ఊహించడం. ఆ ఊహ ఒకవైపు తప్పితే అక్కరలేని సూది పోటు, రెండోవైపు తప్పితే ఏడాది ఆలస్యం.

పాత బొమ్మ అంటే నిరుటిది ఒక్కటే కాదు. మెల్లగా పెరిగేది ఏడాదికేడాది పోల్చినప్పుడు మారనట్టే ఉంటుంది. మూడేళ్ల కిందటి దాని పక్కన పెడితే తేడా తెలిసిపోతుంది. అందుకే చికిత్స తర్వాతి తొలి మామోగ్రామ్, వాపు నిలకడకు వచ్చాక తీసింది, నిరుటిది, ఇవన్నీ కావాలి. అన్నిటికంటే ఎక్కువగా పోయేది ఆపరేషన్‌కు ముందు తీసిన అసలు బొమ్మ. తిరిగి వచ్చే క్యాన్సర్ చాలాసార్లు మొదటిసారి రూపంలోనే వస్తుంది. మొదట సున్నపు రేణువులుగా కనిపించి ఉంటే మేము వెతకాల్సింది రేణువుల కోసం. మొదటిది మామోగ్రామ్‌లో అసలు కనిపించనిదైతే, మామోగ్రామ్ బాగుందన్న మాటకు ఆమె విషయంలో విలువ తగ్గిపోతుంది, ఇంకో పరీక్ష ఆలోచించాలి. ఆ సంగతి తెలియక ‘అంతా బాగుంది’ అని రాసి పంపడం కంటే మాకు భయం కలిగించేది లేదు.

కాబట్టి మీకు మా మొదటి విన్నపం బొమ్మలు దాచడం గురించి. దాచాల్సింది డైకామ్ ఫైలు, అంటే యంత్రం ఇచ్చే అసలు డిజిటల్ బొమ్మ. ఫిల్మును కిటికీకి అడ్డంపెట్టి ఫోన్‌తో తీసిన ఫొటో గానీ, రిపోర్టు కాగితం మీద అచ్చేసిన చిన్న బొమ్మ గానీ కాదు. మేము వెతికే రేణువుల్లో చాలా వాటి సైజు అర మిల్లీమీటరు కూడా ఉండదు. వాటిని చూడటానికే మామోగ్రామ్‌లకు 5 మెగాపిక్సెళ్ల మానిటర్లు వాడతారు. రొమ్మును పొరలు పొరలుగా చూపే టోమోసింథసిస్ తీసే చోట్ల మరో పొరపాటు జరుగుతోంది. ఫైళ్లు పెద్దవని పొరలను చెరిపేసి, వాటినుంచి తయారైన ఒక్క చదును బొమ్మనే ఉంచుతున్నారు. మచ్చ ఎక్కడ మచ్చో, ఎక్కడ ముద్దో తేలేది ఆ పొరల్లోనే. వాటిని ఉంచండి. ఆమె వేరే ఊరికి, వేరే ఆసుపత్రికి మారుతున్నానంటే అడగకముందే మొత్తం బొమ్మలు సీడీలోనో పెన్ డ్రైవ్‌లోనో ఇచ్చి పంపండి.

రెండోది, పరీక్షకు పంపేటప్పుడు మీరు రాసే చీటీ. ‘ఆపరేషన్ అయింది, మామోగ్రామ్ తీయండి’ అన్న రాతతో మాకు ఏమీ తెలియదు. ఏ రొమ్ము, గడియారం ముల్లు లెక్కన ఏ దిక్కు, ఆపరేషన్ తేదీ, రేడియేషన్ ముగిసిన తేదీ, అసలు ఇచ్చారో లేదో. అరవై అయిదేళ్లు దాటి, చిన్న గడ్డతో, హార్మోన్ మాత్రలు వాడే కొందరికి ఇప్పుడు రేడియేషన్ ఇవ్వడం మానేస్తున్నారు. వాళ్ల రొమ్ములో రేడియేషన్ వాపు ఉండదు. ఉంటే దానికి వేరే కారణం వెతకాలి. రేడియేషన్ అయినవాళ్లలో ఆరు నెలలకు అదే వాపు మామూలు సంగతి. చీటీలో ఒక్క మాట లేనందువల్ల ఈ రెండూ తారుమారవుతాయి. ఇంకా కావలసినవి: క్యాన్సర్ రకం, అంచులు శుభ్రంగా వచ్చాయో లేదో, గుంటలో ఆనవాలుగా ఎన్ని చిన్న లోహపు క్లిప్పులు పెట్టారు, రొమ్ము ఆకారం సరిచేయడానికి లోపలి కణజాలాన్ని అటూ ఇటూ జరిపారా, తర్వాత ఎప్పుడైనా కొవ్వు ఎక్కించారా. ఆకారం సరిచేసే ఆపరేషన్‌లో గడ్డ ఉన్న చోటు ఒకటి, మచ్చ ఉన్న చోటు మరొకటి అవుతుంది. చర్మం మీది గీత చూసి లోపలి గుంట అక్కడే ఉందనుకుంటే మోసపోతాం. సర్జన్లు గుంట గోడలకు నాలుగైదు క్లిప్పులు పెడితే రేడియేషన్ ఇచ్చేవాళ్లకీ, ఆ తర్వాత ఏళ్ల తరబడి మాకూ అదే ఆనవాలు.

తొలి మామోగ్రామ్ ఎప్పుడన్నది మూడోది. రేడియేషన్ ముగిశాక ఆరు నుంచి పన్నెండు నెలల మధ్య. లెక్క ఆపరేషన్ నుంచి కాదు, రేడియేషన్ ఆఖరు రోజు నుంచి. రేడియేషన్ లేకపోతే ఆపరేషన్ నుంచే. ఆరు నెలల కంటే ముందు తీస్తే చర్మం ఇంకా మండుతూ ఉంటుంది, యంత్రం పలకల మధ్య నొక్కనివ్వదు, వాపు బొమ్మను కప్పేస్తుంది. పైగా అంత తొందరగా తిరిగి రావడం చాలా అరుదు. దీనికి ఒక మినహాయింపు ఉంది. అసలు క్యాన్సర్ సున్నపు రేణువులుగా కనిపించినదైతే, అన్నీ తొలగాయో లేదో అనుమానమున్నచోట, రేడియేషన్ మొదలుకాక ముందే గుంట చుట్టూ పెద్దది చేసి చూపే బొమ్మలు తీయాలి. రేణువులు మిగిలి ఉంటే రేడియేషన్‌కు ముందే మళ్లీ ఆపరేషన్ చేయవచ్చు. అదే రేడియేషన్ తర్వాత కనిపిస్తే, మిగిలినవా కొత్తగా వచ్చినవా అన్న చిక్కుముడి ఎవరూ విప్పలేరు. తీసిన ముక్కకు ఆపరేషన్ థియేటర్‌లోనే రెండు కోణాల్లో ఎక్స్‌రే తీస్తే ఈ చిక్కు చాలావరకు అక్కడే తీరుతుంది.

మామోగ్రామ్ గది సంగతి మీలో చాలామంది పట్టించుకోరు గానీ, సగం తప్పులు అక్కడే పుడతాయి. ఆపరేషన్ అయిన రొమ్ము గట్టిపడి ఉంటుంది, ముట్టుకుంటే నొప్పి. మామూలు మామోగ్రామ్‌కు ఇచ్చే సమయమే దీనికీ ఇస్తే టెక్నీషియన్ హడావుడిగా నొక్కుతారు, లేదా జాలిపడి సరిగ్గా నొక్కరు. సరిగ్గా నొక్కకపోతే రొమ్ము కదిలి సన్నటి రేణువులు అలుక్కుపోతాయి. మెల్లగా, ఆమెతో మాట్లాడుతూ, ఆమె ఆపమన్నప్పుడు ఆపి మళ్లీ మొదలుపెడుతూ నొక్కాలి. అందుకు రెట్టింపు సమయం కావాలి, ఇవ్వండి. రెండు రొమ్ములకూ పైనుంచి ఒకటి, ఏటవాలుగా ఒకటి, మొత్తం నాలుగు బొమ్మలు తప్పనిసరి. చర్మం మీది గీత వెంట సన్నటి తీగ అంటించాలి. గుంట ఉన్న భాగానికి, ముఖ్యంగా మొదటి కొన్నేళ్లు, పెద్దది చేసిన బొమ్మలు అదనంగా తీయాలి. క్లిప్పుల లెక్క ఇక్కడ పనికొస్తుంది: ఆరు పెట్టినట్టు రాసి, బొమ్మలో నాలుగే కనబడితే, ఛాతీ గోడకు ఆనుకుని ఉన్న భాగం బహుశా బొమ్మలోకి రాలేదు. తిరిగి వచ్చే క్యాన్సర్ మొదట్లో ఎక్కువగా ఆ గుంట పక్కనే వస్తుంది, ఆ భాగమే తప్పిపోతే ఇక తీసి ప్రయోజనమేమిటి? ఇంకొకటి. చెమట వాసనకు చంకలో రాసుకునేవి, చర్మం మంటకు రాసే జింకు లేపనాలు బొమ్మలో అచ్చం సున్నపు రేణువుల్లా మెరుస్తాయి. ఆ రోజు రాసుకోవద్దని అపాయింట్‌మెంట్ కాగితంలోనే రాయండి, వచ్చాక తుడిపించి తీయండి.

మా తప్పులు కూడా చెప్పుకోవాలి. బొమ్మలో అనుమానం ఎంతో చెప్పడానికి రిపోర్టులో వేసే బై-రాడ్స్ అంకెలను మాలో కొందరు సరిగ్గా వాడటం లేదు. 3 అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతానికి మించదని. ఎదురుచూసిన మచ్చకు, ఎదురుచూసిన వాపుకు వేయాల్సింది 2. తేల్చి చెప్పడానికి జంకి 3 వేస్తే, ఆరు నెలలకోసారి పిలుపులు, ఆరు నెలలకోసారి నిద్రలేని రాత్రులు ఆమెకు. 6 అంటే సూది పరీక్షలో రుజువై, ఇంకా తీయని క్యాన్సర్. గడ్డ తీసేశాక ఆ అంకె వేయకూడదు. 0 అంటే పని పూర్తి కాలేదని, మరిన్ని బొమ్మలు గానీ పాత బొమ్మలు గానీ కావాలని. అది వేసి, ‘వైద్యపరంగా సరిచూసుకోగలరు’ అని రాసి ఇంటికి పంపేస్తే ఆమె ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఆపరేషన్ తర్వాతి మొదటి కొన్నేళ్లయినా ఈ పరీక్షలు రేడియాలజిస్టు గదిలో ఉన్న గంటల్లోనే పెట్టించండి. అనుమానమున్నచోట అదనపు బొమ్మ, అల్ట్రాసౌండ్ ఆమె దుస్తులు మార్చుకోకముందే అయిపోతాయి.

అల్ట్రాసౌండ్‌ను మామోగ్రామ్‌కు బదులుగా వాడకండి. నొప్పి అంటోంది కదా, స్కానింగ్‌తో సరిపెడదామంటే సన్నటి రేణువులు స్కానింగ్‌లో చాలావరకు దొరకవు. చేతికి తగిలిన గడ్డను, మామోగ్రామ్‌లో కొత్తగా కనిపించిన చోటును, చంకలో గ్రంథులను చూడటానికి మాత్రం దాన్ని మించింది లేదు. మచ్చ వెనుక నీడ పడితే కంగారు పడక్కర్లేదు. ప్రోబ్‌ను తిప్పి, కొంచెం నొక్కి చూస్తే మచ్చ నీడ సాధారణంగా పలచబడుతుంది, చర్మం మీది గీత దాకా దాని జాడ కలుస్తుంది. ముద్ద ఏ కోణంలోనైనా ముద్దే.

యాభై ఏళ్ల లోపు క్యాన్సర్ బయటపడినవాళ్లకు, రొమ్ము సాంద్రత ఎక్కువగా ఉన్నవాళ్లకు మామోగ్రామ్‌తోపాటు ఏటా ఎమ్మారై కూడా తీయాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 2018 నుంచి చెబుతోంది. రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచే బీఆర్‌సీఏ జన్యులోపం ఉన్నవాళ్లు ఎలాగూ ఆ వరుసలోనే ఉన్నారు. అందరికీ తీయలేకపోయినా వీళ్లకు దారి తెరవండి. ఎమ్మారైలో నరంలోకి ఎక్కించే మందుకు అనుమానమున్న చోట్లు మెరుస్తాయి; నెలసరి ఆగనివాళ్లకు నెలసరి మొదలైన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య తీస్తే వృథా మెరుపులు తగ్గుతాయి. రేడియేషన్ తర్వాత ఏడాదిన్నర దాకా మచ్చ కూడా ఆ మందుకు మెరవవచ్చని చదివేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

ఇక్కడ డబ్బూ సమయమూ మిగిల్చే మాట ఒకటి. ఏ బాధా లేని మనిషికి ఏటా పెట్ సీటీ (ఒళ్లంతా క్యాన్సర్ కోసం వెతికే స్కాన్), ఎముకల స్కాన్, సీఏ 15-3 రక్తపరీక్ష చేయడం వల్ల మేలు లేదని అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ 2006లో, మళ్లీ 2013లో చెప్పింది. రొమ్ములోని సన్నటి రేణువును పెట్ సీటీ చూడదు. ఆ పరీక్షలు చేయించుకుని, మామోగ్రామ్ మాత్రం మానేసినవాళ్లకు దక్కేది ఉత్త ధైర్యమే. డాక్టరు చేతితో చేసే పరీక్షను మాత్రం తగ్గించకండి: మొదటి మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి, తర్వాతి రెండేళ్లు ఆరు నుంచి పన్నెండు నెలలకోసారి, ఆపైన ఏటా.

ఇంతకుముందే ఒంట్లోకి బోలెడు రేడియేషన్ వెళ్లింది, మళ్లీ ఇదెందుకని భయపడి రానివాళ్లు ఉన్నారు. వాళ్లకు లెక్క చెప్పండి. చికిత్సలో రొమ్ముకు ఇచ్చే మోతాదు ఒక పద్ధతిలో పదిహేను విడతల్లో మొత్తం 40 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత). అంటే 40,000 మిల్లీగ్రే. మామోగ్రామ్‌లో ఒక్కో బొమ్మకు 3 మిల్లీగ్రే కూడా దాటకూడదని నియమం.

ఎంత కాలానికోసారి తీయాలన్న దాని మీద ఈమధ్య కొత్త మాట వచ్చింది. బ్రిటన్‌లో మామో-50 పేరుతో 5,235 మంది మీద జరిగిన పరిశోధన అది. వాళ్లంతా యాభై దాటాక క్యాన్సర్ బయటపడి, ఆపరేషన్ అయి మూడేళ్లు గడిచినా తిరిగి రానివాళ్లు. ఏటా తీసినా, రొమ్ము నిలుపుకున్నవాళ్లకు రెండేళ్లకోసారి తీసినా, క్యాన్సర్‌తో చనిపోకుండా ఐదేళ్లు గడిపినవాళ్లు 98 శాతం పైనే, రెండు వైపులా. దీన్ని మేము స్వాగతిస్తున్నాం. అనవసరంగా పిలవడం మాకూ ఇష్టం లేదు. కానీ మొదటి మూడేళ్లకు, యాభై లోపు వయసువాళ్లకు దీన్ని అంటగట్టకండి. పాత బొమ్మలు దాచి, తేదీ తప్పినవాళ్లను పిలిపించుకునే ఏర్పాటు లేని చోట రెండేళ్ల ఎడం మూడేళ్లూ నాలుగేళ్లూ అవుతుంది. అలాంటి చోట ఏటా పిలవడమే మేలని మా అభిప్రాయం.

మధ్యలో ఆమెకే ఏదైనా తేడా కనిపిస్తే నేరుగా వచ్చే దారి ఉండాలి. కొత్త గడ్డ, చనుమొన లోపలికి పోవడం, చంకలో ఉండ, తగ్గిన వాపు మళ్లీ రావడం. వీటితోపాటు అరుదైనదే అయినా ఒకటి రాసివ్వండి: దెబ్బ తగలకుండా రేడియేషన్ పడిన చర్మం మీద కమిలినట్టు ఊదారంగు మచ్చ. రేడియేషన్ అయిన కొన్నేళ్లకు రక్తనాళాల గోడల్లో పుట్టే యాంజియోసార్కోమా అనే క్యాన్సర్ ఇలా కనబడవచ్చు. దీనికి మామోగ్రామ్ బాగానే ఉండవచ్చు, కాబట్టి మా రిపోర్టు చూసి ఆగిపోకండి. చర్మం ముక్క తీసి పరీక్షకు పంపండి.

ఇవన్నీ జరగాలంటే కొత్త యంత్రం అక్కర్లేదు. తేదీలకు ఒక మనిషి బాధ్యుడై ఉంటే చాలు. సర్జన్ రేడియేషన్ డాక్టరు చూసుకుంటారనుకుంటారు, ఆయన మందుల డాక్టరు చూస్తారనుకుంటారు, చివరికి తొలి మామోగ్రామ్ తేదీ ఎవరి కాగితంలోనూ ఉండదు. రేడియేషన్ ఆఖరి రోజున తేదీ రాసిన కాగితం ఆమె చేతిలో పెట్టి, అదే తేదీ రిజిస్టర్‌లో ఎక్కించే పని ఒకరికి అప్పగించండి. ముందుగా, గత పద్దెనిమిది నెలల్లో మీ దగ్గర రేడియేషన్ ముగించుకున్నవాళ్ల జాబితా తీయించండి. ప్రతి పేరు పక్కన తొలి మామోగ్రామ్ తేదీ, ఆపరేషన్‌కు ముందటి బొమ్మ ఎక్కడుందో రాయించండి. గడువు దాటినా తేదీ పడని పేర్లకు ఈ వారంలోనే ఫోన్ చేయించండి.

ఇట్లు,
రొమ్ము ఇమేజింగ్ గదుల్లో పనిచేసే రేడియాలజిస్టులు, టెక్నీషియన్లు